కాయను ఊపి చూసే అత్త

కాటన్‌పేటలో మా మేడమీద అద్దెకుండిన అత్త, కొబ్బరికాయను చెవి దగ్గర ఊపి వినకుండా ఏనాడూ కొనలేదు.

నాన్న ఇంట్లో నేర్పిన చదువే నాది. సర్టిఫికెట్ లేకపోతే ఉద్యోగం రాదనీ, ఇంటర్వ్యూలో మనం ఎదురు అడగకూడదనీ నమ్మేదాన్ని. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని ఒక డేకేర్‌కు, పిల్లల్ని చూసుకునే ఉద్యోగం ఉందని, అత్తే నన్ను లాక్కెళ్ళింది. మేనేజర్ ఎదుట దేవుణ్ణి తలచుకుంటూ కూర్చున్నాను.

"ఏమప్పా, ముందు ఈ పనిలో ఉండిన పిల్ల ఎందుకు పొయింది?" అంది అత్త.

నా పైప్రాణాలు పైనే పోయాయి. ఆయన తడబడి, "ఆరింటికి పంపాల్సింది, ఎనిమిదిదాకా ఉంచేవాళ్ళమమ్మా," అన్నాడు.

"ఈ పిల్లను ఆరుకే పంపాల."

ఆయన నవ్వేసి, పిల్లలకు ఒక కథ చెప్పమన్నాడు. చెప్పాను. కథ అయ్యేసరికి ఒకడు నా ఒళ్ళో ఉన్నాడు. సర్టిఫికెట్ మాటే రాలేదు.

"సోమవారం వస్తారా?"

తలూపబోతే అత్త నా గడ్డం పట్టుకుంది. "ఒక వారం చేసి చూస్తుంది. మీరు నచ్చితే ఉంటుంది."

బస్సులో ఇద్దరం ఊపిరాడకుండా నవ్వాము.

నాలుగేళ్ళుగా ఆరింటికే ఇంటికి బయల్దేరుతున్నాను. దేవుడికి కొట్టే కొబ్బరికాయను ఇప్పుడు నేనూ ఊపే తెస్తాను. లోపల నీళ్ళు కదిలితే అత్త నవ్వినట్టే ఉంటుంది.