బాబాయి కార్డులకు నేను చేసిన సంస్కరణ

ఆ రోజుల్లో రుజువు లేని మాట ఎవరన్నా నేను నమ్మేవాణ్ణి కాదు; నమ్మకపోవడమే చదువుకున్నందుకు గుర్తనుకునేవాణ్ణి. తొంభైల నడుమ, దోహాలో ఒక నిర్మాణ కంపెనీ లాబులో కాంక్రీటు దిమ్మలను యంత్రంలో పెట్టి పగలగొట్టి, అవి ఎంత బరువుకు విరిగాయో రాయడం నా డ్యూటీ. (మనుషులనూ అలాగే పరీక్షించేవాణ్ణని నా శ్రీమతి తరువాతి కాలంలో నిర్ధారించింది.) ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌ పేటలో కంపెనీవాళ్ళం ఉండే పాత విల్లా హాలులో శుక్రవారాలు కోలాటం సాధన జరిగేది. నేర్పేది మా వడ్రంగుల ఫోర్‌మన్. గోదావరి జిల్లావాడు, అందరికీ బాబాయి. ఆయన నడుమ నిలబడి ఒక్కొక్క కోపు, అంటే ఒక్కొక్క అడుగుల వరుస, పేరు పెట్టి పిలిస్తే ఆటగాళ్ళు అలా మారేవారు. ఆ పిలుపులన్నీ పాత హాజరు కార్డుల వెనుక రాసుకుని, ఎడమచేతిలో పేకముక్కల్లా పట్టుకునేవాడు. ఆ ఏడాది అక్కడి తెలుగువాళ్ళ క్రిస్మస్ కలయిక కాగానే ఉద్యోగం చాలించి ఊరికి వెళ్ళిపోతున్నాడు. వెళ్ళేలోగా ఒక్కసారి జడకోలాటం ఆడించాలని ఆయన కోరిక: పైనుంచి వేలాడే ఎనిమిది రంగుల తాళ్ళను ఎనిమిదిమంది ఆడుతూ జడగా అల్లి, మళ్ళీ ఆడుతూనే విప్పాలి.

ఆ కార్డుల అవస్థ చూసి నా శాస్త్రీయ హృదయం గాయపడింది. నూనె మరకలు, ఎర్ర పెన్సిలు గీతలు, కొన్నింటికి ఒక మూల మడత, కొన్నింటికి రెండు మూలలా మడత. ఎందుకని అడిగితే, "అలాగుంటేనే ఆట నడుస్తాదిరా అబ్బాయ్," అన్నాడు. కారణం చెప్పలేని అలవాటును మూఢనమ్మకంగా తేల్చేసి, కార్డులన్నీ టైపు చేయించి, అకారాది క్రమంలో పేర్చి, నున్నటి ప్లాస్టిక్ తొడుగులు వేయించి, ఆటకు ముందురోజు బహూకరించాను. "చదువుకున్నోడివి, నీకు తెలుస్తాదిలే," అని మొహమాటంగా తీసుకున్నాడు. (వాటిని ఒక్కసారి పరీక్షించి చూడాలని, అన్నిటినీ పరీక్షించే నాకే తోచలేదు.)

కలయిక రోజున, దోహా అంచున అల్ ఘర్రాఫాలో ఒక విల్లా ఆవరణలో ఆట మొదలైంది. అల్లడం ఆయనకు కంఠస్థం. జడ చక్కగా దిగింది. విప్పే వంతు రాగానే ఆయన బొటనవేలు కార్డుల మూలలు తడిమి, ఏమీ దొరకక ఆగిపోయింది. అప్పుడర్థమైంది నాకు. ఆయనకు దగ్గరి చూపు ఆనదు. కళ్ళు ఆటగాళ్ళ కాళ్ళమీదే ఉంచి, ఏ మూల మడత తగిలితే ఏ కోపో వేలితోనే చదువుకునేవాడు. ఇప్పుడేమో నా కార్డును చేయి చాపినంత దూరం పెట్టి కళ్ళు చికిలిస్తున్నాడు. ఈలోగా ఎనిమిదిమందీ అల్లిన దిక్కుకే తిరుగుతున్నారు. "ఎటు తిరగాలె బాబాయ్? జల్ది చెప్పు, మెడకు చుట్టుకుంటున్నది," అన్నాడు ఆడేవాళ్ళలో ఒకడైన నిజామాబాద్ డ్రైవరు, చాలా మర్యాదగానే. చివరకు వంటగదిలోంచి కత్తెర తెచ్చి వాళ్ళను విడిపించారు. జనం పడీ పడీ నవ్వారు. బాబాయి చేతులు జోడించి, "తప్పు నాదేనండి. వయసైపోయింది, మరుపొచ్చేసింది," అన్నాడు. నేను రెండో వరుసలో కూర్చుని ఉన్నాను. లేవలేదు.

విమానాశ్రయానికి బయలుదేరుతూ నా భుజంమీద చేయి వేసి, "ఆ పాత కార్డులున్నాయేంట్రా? ఊళ్ళో కుర్రాళ్ళకి నేర్పుకుంటాను," అని అడిగాడు. అవి ఆఫీసు చెత్తబుట్టలోకి పోయి వారమైంది. "వెతికి పంపిస్తాను బాబాయ్," అన్నాను. ఆయన నమ్మాడు, రుజువేమీ అడగకుండానే.

ఇప్పుడు నాకూ చత్వారం వచ్చింది. మందుల చీటీని చేయి చాపి పట్టుకుని కూడబలుక్కుంటూ చదివేటప్పుడు, అకారాది క్రమంతో లోకాన్ని బాగుచేయబోయిన ఆ లాబు కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. కాసేపే.