డేటా సెంటరుకి మాలకొండమ్మ కావలి

నలభై మూడేళ్ళ వయసులో మాలకొండమ్మకి ఉద్యోగం వచ్చింది. అంతకుముందు పద్దెనిమిదేళ్ళపాటు ఉదయగిరిలో చెక్క గరిటెలు, స్పూన్లు చెక్కింది. తను నేర్చుకుని తమ్ముడు కోటేశ్వర్‌కి కూడా నేర్పింది. చెక్క పొట్టు ఊపిరితిత్తుల్లోకి పోయి దగ్గు పట్టుకుంటే, ఆ పని మానుకోకపోతే లాభం లేదని డాక్టరు చెప్పాడు. అదే నెలలో ఆత్మకూరు బయట బద్వేలు రోడ్డులో కొత్తగా కట్టిన డేటా సెంటరుకి ఆడ సెక్యూరిటీ గార్డు కావాలని తెలిసింది. పదో తరగతి పాసైన కాగితం ట్రంకుపెట్టె అడుగున ఉంది. దాన్ని దులిపి పట్టుకెళ్ళింది.

ఆమె భర్త ఓబులయ్యకి నలభై గొర్రెలున్నాయి. ప్రపంచంలో కావలి కాయాల్సినవి అవేనని అతని నమ్మకం.

"డేటా సెంటరంటే ఏందిమే?"

"ఫోన్లో డేటా వస్తాది గదయ్యా. అది ఉండే తావంట."

"దానికి కావిలెందుకు? రోజుకి ఒకటిన్నర జీబీ. వాడినా, వాడకపోయినా రాత్రి పన్నెండుకి పోతాది. దాన్నెవుడు ఎత్తకపోతాడు?"

ఆ ప్రశ్న మాలకొండమ్మ మనసులో ఉండిపోయింది. ఆత్మకూరు బస్టాండు వెనక చిన్న గది అద్దెకి తీసుకుని, ఆదివారాలు ఊరికి వచ్చేలా ఏర్పాటు చేసుకుంది.

ఆ కట్టడానికి ఒక్క కిటికీ కూడా లేదు. మొదటివారం జనం గేటు దగ్గరికి వచ్చి రీఛార్జి చెయ్యమని అడిగారు. ఒక పెద్దాయనైతే ఫోను తీసి చేతిలో పెట్టి, "ఈడనే పుడతా ఉండాదంట గదమ్మా, కొంచెం నిండుగా పొయ్యి," అన్నాడు.

లోపలికి వెళ్ళాలంటే గాజు గది దాటాలి. దానికి రెండు తలుపులు. మొదటిది మూసుకుంటే గానీ రెండోది తెరుచుకోదు. గొర్రెలకి మందు పట్టేటప్పుడు దొడ్డి వాకిట్లో ఒక్కొక్కదాన్నే వదిలే సందు లాంటిదని మాలకొండమ్మకి వెంటనే అర్థమైంది. అయితే తలుపు తెరవడానికి వేలిముద్ర వెయ్యాలి. పద్దెనిమిదేళ్ళు ఉలీ, ఆకురాయీ పట్టిన వేళ్ళు! ఏ వేలు పెట్టినా ఎర్ర దీపమే వెలిగింది.

"నీకు వేళ్ళు ఉన్నాయి గానీ గీతల్లేవమ్మా," అన్నాడు హెడ్‌గార్డు నారాయణయ్య. పాతికేళ్ళు హోంగార్డుగా చేసి వచ్చిన మనిషి.

"రేషన్ షాపులో కూడా ఇంతే సార్. కన్ను చూసి బియ్యం ఇస్తారు."

చివరికి ఇక్కడా ఆమె కన్నునే యంత్రానికి ఎక్కించారు. ఆ కట్టడం మొత్తంలో కన్ను చూపించి లోపలికి వెళ్ళేది ఆమె ఒక్కతే. అది చాలా పెద్ద హోదా అని కొత్తగా చేరినవాళ్ళు కొన్నాళ్ళు నమ్మారు కూడా.

నారాయణయ్య దృష్టిలో దొంగ ఎత్తుకెళ్ళేది బరువైనదే అయి ఉండాలి. అందుకని ఆయన డీజిల్ ట్యాంకునీ, జనరేటర్నీ, రాగి తీగల చుట్టల్నీ రోజుకి నాలుగుసార్లు చూసి వచ్చేవాడు. మాలకొండమ్మ మాత్రం పదోరోజున ఇంజనీరు సుస్మిత దగ్గరికి వెళ్ళింది. సుస్మితది నెల్లూరు, ఇరవై ఆరేళ్ళ పిల్ల.

"మేడం, తప్పుగా అనుకోబాకండి. నేనే దొంగననుకోండి. ఈడ దేన్ని ఎత్తకపోవాల?"

సుస్మిత ముందు నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "ఇన్నాళ్ళలో ఈ మాట అడిగింది నువ్వొక్కదానివే," అని ఆమెను విడిభాగాల గదికి తీసుకెళ్ళింది. ఒంట్లో కరెంటు దానికి తగలకుండా చేతికి ఒక పట్టీ కట్టుకుని, వెండిరంగు సంచీలోంచి ఆకుపచ్చ రేకు లాంటిది ఒకటి తీసింది. అరచెయ్యంత పొడవు, రెండు వేళ్ళ వెడల్పు.

"దీన్ని ర్యామ్ అంటారు. మీ గొర్రెల లెక్కలో చెబితే, నిరుడు ఇది అమ్మితే నాలుగు గొర్రెలు వచ్చేవి. ఇప్పుడు రేట్లు పెరిగాయి, పది వస్తాయి. జేబులో పెట్టుకుంటే కనిపించదు కూడా."

"ఇట్టాంటివి ఎన్నుండాయి?"

"ఈ గదిలో రెండువందలు."

మాలకొండమ్మ వేళ్ళమీద లెక్క కట్టింది. ఆ చిన్న గదిలో రెండువేల గొర్రెలున్నాయి. కాపరి ఒక్కడే. స్టోర్‌కీపర్ ప్రేమానందం.

ప్రేమానందం కలిగిరి మనిషి, మర్యాదస్తుడు. అక్కా అక్కా అని పిలిచేవాడు, టీ తెప్పించేవాడు, ఇంటి సంగతులు అడిగేవాడు. అడిగితే చెప్పకుండా ఎలా ఉంటుంది? తమ్ముడి పనితనం గురించి ఆమె పొంగిపోతూ చెప్పింది. ఏ వస్తువైనా ఒక్కసారి చూపిస్తే చాలు, మావాడు చెక్కలో దింపేస్తాడని చెప్పింది. ఫోన్ నంబరు అడిగితే అదీ ఇచ్చింది. గిరాకీ దొరుకుతుంది గదా అనుకుంది.

అయిదు నెలలు గడిచాయి. చెన్నై నుంచి తనిఖీ చేసే ఆయన వచ్చాడు. ఒక మధ్యాహ్నం సుస్మిత ముందు విడిభాగాల గదిలో సంచీలు లెక్కపెట్టారు. రిజిస్టర్లో రెండువందలు, అరల్లోనూ రెండువందలే. ఆయన సంతకం పెట్టేశాడు. ట్రేలు అరల్లోకి సర్దుతున్నప్పుడు నారాయణయ్య చెయ్యి జారి ఒక సంచీ నేలమీద పడింది.

టక్కుమంది.

తలుపు దగ్గర నిలబడ్డ మాలకొండమ్మ తల ఎత్తింది. "సార్, అది చెక్క."

"ఏంది?" అన్నాడు నారాయణయ్య.

"చెక్క సార్. బాగా ఎండిన కలివి చెక్క. చప్పుడు ఇన్లేదా?"

ప్రేమానందం చిన్నగా నవ్వాడు. "అక్కకి ఇంకా గరిటెల ధ్యాస పోలేదు సార్. ఆ సంచీలు ఊరికే తెరవకూడదు. ఒట్టి చెయ్యి తగిలితే చాలు, ర్యామ్ చచ్చిపోతాది."

చెన్నై ఆయన అవునన్నట్టు తల ఊపాడు. పెట్టిన సంతకం మళ్ళీ కొట్టెయ్యడం ఎవరికిష్టం? సుస్మిత మాత్రం సంచీ తీసుకుని బయట గార్డు బల్ల మీద పెట్టి, చేతికి పట్టీ కట్టుకుని విప్పింది. అందరూ చుట్టూ మూగారు.

లోపల పల్చటి చెక్క పలక ఉంది. ఆకుపచ్చ రంగు, దానిమీద నల్ల చతురస్రాలు, కింద అంచున సన్నటి బంగారు గీతలు. దూరంనుంచి చూస్తే ఇంజనీరైనా మోసపోవాల్సిందే. దగ్గర్నుంచి చూస్తే రెండు తేడాలు తెలిశాయి. అసలుదానికి మూలలు గుచ్చుకుంటాయి, దీనికి చేతికి హాయిగా ఉండేలా గుండ్రంగా అరగదీసి ఉన్నాయి. పైగా ఒక చివర చిన్న బొక్క ఉంది.

"ఈ బొక్క ఎందుకు?" అంది సుస్మిత.

"మేకుకి తగిలించుకునేదానికి," అని మాలకొండమ్మ గొంతులోనే అంది. ఆ పనితనం ఎవరిదో ఆమెకి తెలిసిపోయింది. ఉలి ఎలా పట్టుకోవాలో నేర్పింది తనే. ఊరుకుంటే ఎవరికీ తెలియదు, చెబితే తమ్ముడు జైల్లో ఉంటాడు. పలకని చేతిలోకి తీసుకుని, అరగదీసిన మూలని ఒకసారి తడిమి, చెప్పేసింది.

"ఇది మా తమ్ముడు చేసినాడు మేడం."

అందరూ ఆమెకి రెండడుగుల దూరం జరిగారు. నారాయణయ్య లాఠీ కోసం వెతికాడు. మాలకొండమ్మ బల్లమీది ఫోన్లో తమ్ముడి నంబరు నొక్కి, స్పీకరు పెట్టింది.

"కోటేశా, పచ్చ రంగేసి పలకలు ఏమన్నా చేసినావంట్రా?"

"చేసినా గదక్కా! బాగుండాయా? నచ్చినాయంటనా మీవోళ్ళకి?"

"ఎవురు చెయ్యమన్నార్రా?"

"మీ ఆఫీసు సారే. ప్రేమానందం సారు. నీ పేరు చెప్పినాడు. బళ్ళో పిల్లకాయలకి చూపించేదానికంట. నలభై చేసిచ్చినా. బొక్కలెందుకు పెట్టినావని కసురుకున్నాడు గానీ, బొక్క లేకపోతే యాడ తగిలిస్తారక్కా?"

ఈలోపల ప్రేమానందం పారిపోదామని వేలిముద్ర వేసి గాజు గదిలో అడుగుపెట్టాడు. వెనక తలుపు మూసుకుంది. మాలకొండమ్మ బల్ల కింద చెయ్యి పెట్టి, రెండు తలుపులూ బిగించే ఎర్ర మీట నొక్కింది. ముందు తలుపు తెరుచుకోలేదు. వెనకదీ తెరుచుకోలేదు.

పోలీసులు రావడానికి ముప్పావుగంట పట్టింది. అంతసేపూ ప్రేమానందం గాజు పెట్టెలో అందరికీ కనబడుతూ నిలబడ్డాడు. ముందు కోపంగా చేతులు ఊపాడు. తర్వాత దణ్ణాలు పెట్టాడు. తర్వాత మంచినీళ్ళు కావాలని బొటనవేలు నోటి దగ్గర పెట్టి సైగ చేశాడు. మాలకొండమ్మకి జాలేసింది గానీ, తలుపు తీస్తే మనిషి పోతాడు. "కొంచెం తాళుకోండి సార్, వస్తా ఉండారు," అని గాజు బయటినుంచి గట్టిగా అరిచి చెప్పింది.

పోలీసులు వచ్చాక మరో చిక్కు వచ్చింది. రిజిస్టర్లో పేర్లు రాసి, ఫోన్లు అప్పగిస్తే గానీ లోపలికి వదలనని నారాయణయ్య అడ్డం నిలబడ్డాడు. అవతల దొంగ, ఇవతల పోలీసులు, మధ్యలో రిజిస్టరు. చివరికి వాళ్ళే నవ్వుకుని సంతకాలు పెట్టారు.

నలభై ర్యాముల్లో ఇరవై ఆరు కలిగిరిలో ప్రేమానందం ఇంట్లో, బియ్యం డ్రమ్ములో దొరికాయి. ఒకప్పుడు నీళ్ళలో పడ్డ ఫోన్ని బియ్యంలో పెడితే బాగైందట. ఆ నమ్మకంతో వీటినీ బియ్యంలో దాచాడు. పద్నాలుగు అప్పటికే చెన్నై చేరి అమ్ముడుపోయాయి. పాడైన వాటిని తయారుచేసినవాళ్ళకి తిప్పి పంపే పెట్టెల్లో, మంచివి కూడా కలిపి బయటికి దాటించి, దారిలో తీసుకున్నాడని తేలింది.

ఇంత జరిగినా కంపెనీవాళ్ళు మాలకొండమ్మని విచారణ అయ్యేదాకా రావద్దన్నారు. తమ్ముడు చేశాడు గదా, అక్కకి తెలియకుండా ఉంటుందా అని వాళ్ళ అనుమానం. ఆమె యూనిఫాం మడతపెట్టి ఇచ్చేసి, ఉదయగిరి బస్సెక్కింది. ఇంట్లో రెండురోజులు సరిగా తినలేదు. కోటేశ్వర్ వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు.

"నా వల్లనే గదక్కా నీ ఉద్యోగం పొయ్యింది?"

"నీ వల్ల కాదురా. నా నోటి వల్ల. నీ గురించి గొప్పలు చెప్పుకున్నానే, దానికి."

"అయినా నువ్వు నా పేరు చెప్పకుండా ఉండాల్సింది."

"చెప్పకుండా ఉంటే నేను గార్డునెట్టయితాను?"

కోటేశ్వర్ అదీ నిజమేనని ఒప్పుకున్నాడు. పోలీసులు అతన్ని మూడుసార్లు పిలిచి, తెలియక చేశాడని తేల్చుకుని సాక్షిగా రాసుకున్నారు. మూడోసారి అతను, "కేసు అయిపోయినాక ఆ పలకలు నాకిచ్చేస్తారా సార్? వారం కష్టపడినా," అని అడిగితే, పొమ్మన్నారు.

పదకొండో రోజున సుస్మిత బస్సు దిగి, అడ్రసు అడుగుతూ ఇంటికి వచ్చింది. ఒక చేతిలో మళ్ళీ పనిలో చేరమని కాగితం, రెండో చేతిలో ఇస్త్రీ చేసిన యూనిఫాం.

"గార్డులందరికీ నువ్వే చెప్పాలి, ఏది విలువైందో, ఏది కాదో. ముందు నారాయణయ్యగారికి చెప్పు. నిన్న కూడా డీజిల్ ట్యాంకు దగ్గరే ఉన్నాడాయన."

మాలకొండమ్మ మొహం తుడుచుకుని, "ఆయనకి చెప్పాలంటే నాలుగు రోజులు పడతాది మేడం," అంది. చాలా రోజుల తర్వాత ఆ పూట కడుపునిండా తింది.

ఇది జరిగిన నెలకి ఓబులయ్య గొర్రెల్ని పక్కింటివాళ్ళకి అప్పగించి, క్యారియర్లో కోడికూర పెట్టుకుని ఆత్మకూరు వచ్చాడు. పెళ్ళాం పనిచేసే చోటు చూడాలని అతని కోరిక. గేటు దగ్గర ఆ రోజు మాలకొండమ్మే ఉంది.

"కార్డు ఉండాదా?" అంది.

"నాకేం కార్డుమే? నేను నీ మొగుణ్ణి."

"ఆ కార్డు ఈడ చెల్లదు."

ఓబులయ్య క్యారియర్ ఎత్తి చూపించాడు. వెనకాల నారాయణయ్య, "వదిలెయ్యమ్మా, పాపం," అన్నాడు. ఆమె వినలేదు. భోజనాల వేళకి తనే బయటికి వచ్చి, గోడ నీడలో అతని పక్కన కూర్చుని క్యారియర్ విప్పింది. కూర బాగుందని రెండుసార్లు చెప్పింది. సాయంత్రం ఉదయగిరి బస్సులో ఓబులయ్య పక్క సీటాయనతో, "ఎస్సై గారొచ్చినా వదలదంట. నన్ను కూడా వదల్లా," అని దారి పొడుగునా చెబుతూనే ఉన్నాడు.