మొసలికి మా అత్త ఇచ్చేది

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. లేకపోతే ఇంటికొచ్చిన ఆడపిల్లను గుమ్మంలోనే నిలబెట్టి అన్ని మాటలు అనేదాన్ని కాదు.

ఆ పిల్ల కాలేజీ పని మీద మా దీవిలోని ఈ బ్రూక్షాబాద్‌లో ఇంటింటికీ తిరిగి ప్రశ్నలు అడుగుతోంది. మాలాగే తెలుగు పిల్ల, కాగితం మాత్రం హిందీలో ఉంది. ఉప్పునీటి మొసళ్లను కాపాడటానికి మీ ఇంటినుంచి ఏడాదికి ఎంత ఇవ్వగలరు అన్నది ఆఖరి ప్రశ్న. మా మేనత్త ఎడమ చేతికి మూడే వేళ్లున్నాయని, మిగతా రెండూ పెరటి వెనక ఉప్పు కాలువలో మొసలి కొరికేసిందని, ఎవరికైనా ఇవ్వాల్సొస్తే మాకే ఇవ్వాలని దులిపేశాను. పాపం, ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

అత్త చేపలమ్మి నన్ను పెంచింది. పొద్దంతా అమ్మి, చేపలు కోయగా మిగిలిన పేగులూ తలకాయలూ సాయంత్రం కాలువలోకి విసిరేసేది. మా చేపల వాళ్లందరిదీ అదే అలవాటు. సముద్రంలోంచి తెచ్చినదాన్ని చెత్తకుప్పలో వెయ్యడానికి చేతులు రావు. వేళ్లు పోయాక మాత్రం, మోకాళ్లు నొప్పులు పెడుతున్నా, ఆ బకెట్టును ఏటవాలు దారి ఎక్కి మోసుకెళ్లి కొబ్బరి మొదళ్లలో పాతిపెడుతోంది. కాలువంటే భయం పట్టుకుందని అనుకున్నాను. రెండేళ్లుగా అలాగే అనుకుంటున్నాను.

నా అరుపులు విని అత్త బకెట్టుతోనే ఇవతలికొచ్చింది. ఆ పిల్లను కూర్చోమంది. ప్రశ్న మళ్లీ చదివించుకుని వింది.

"సున్నా రాసుకో బేటీ. నా కాడ డబ్బు నేదు," అంది. తర్వాత నావైపు తిరిగింది. "మొసలినేటి అంటావే? రోజూ అదే యేళకి, అదే రేవులో పేగులేసి అలవాటు సేసింది నానే. ఆ రోజు సేపలన్నీ కొయ్యకుండానే అమ్ముడైపోనాయి. ఖాళీ బకెట్టు కడుగుదామని నీట్లో సెయ్యి పెట్టాను. దానికేటి తెలుస్తాది?"

నేను అత్త ఎడమ చేతికేసి చూశాను.

"ఆ రేవుని అది మర్సిపోవాల. నేకపోతే ఇంకెవుల సెయ్యో పట్టుకుంటాది, అప్పుడు దాన్ని సంపేస్తారు. మర్సిపోయేదాకా మోస్తాను."

ఆ పిల్ల సున్నా రాసుకుని, దణ్ణం పెట్టి వెళ్లిపోయింది. సిగ్గుతో నా తల వంగిపోయింది. బకెట్టు నేను మోస్తానని చెయ్యి చాచాను.

అత్త ఇవ్వలేదు.