ఎండ పలకకు పసుపు

పుష్యమాసంలో పూసలు గుచ్చడానికి కూడా పొద్దు ఉండదని మా అత్తమ్మ అనేది. నిజమే. చేట ముందేసుకుని నాలుగు బీడీలు చుట్టేలోపల పొద్దు గుట్ట చాటుకు జారిపోయేది. అట్లాంటి నెలలో మా వాడకట్టంతా ఎండను నమ్ముకున్న ఒకే ఒక్క దీపం మీద బతికింది. ఆ దీపం ఆరిపోవాలని కోరుకున్న మనిషి మాత్రం మా ఇంట్లోనే ఉండేది.

మా ఊరు కొడిమ్యాల గుట్టల వైపు. నా పెనిమిటి సిరిసిల్లలో సాంచాలు నడిపేవాడు, మరమగ్గాలను మా దిక్కు అట్లనే అంటారు. పని తెరిపిచ్చిన వారం వచ్చేవాడు, లేకుంటే లేదు. ఇంట్లో నేనూ అత్తమ్మా. మామ ఎప్పుడో చనిపోయాడు. నా మరిది, అంటే అత్తమ్మ చిన్నకొడుకు, నేను కాపురానికి రాకముందే నక్సలైట్ అన్నల్లో కలిసి అడవికి పోయాడు. ఆయన ముఖం నేను చూడలేదు. ఇంట్లో ఉన్న ఒక్క ఫొటోను పోలీసులు పట్టుకుపోయారు. అప్పటికి మీసం కూడా మొలవని పిల్లగాడట. కొడుకు ముఖం ఒక్కసారి చూడాలన్నది తప్ప అత్తమ్మకు ఇంకో కోరిక ఉన్నట్టు నాకెన్నడూ కనబడలేదు.

ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. బాగుచేయడానికి లైన్‌మన్ అన్నలకూ పోలీసులకూ భయపడి రాలేదు. చాలాకాలం చీకట్లోనే ఉన్నాం. తర్వాత ఎవరో ఆఫీసర్లు జీపులో వచ్చి ఎండతో వెలిగే బుగ్గ, అదే బల్బు, పెట్టిపోయారు. మూలమలుపు దగ్గర స్తంభానికి వేపచెట్టు నీడ పడుతుందని, ఎండను పట్టే నల్లటి పలకను మా పెంకుల మీద దక్షిణానికి వాల్చి బిగించారు. బ్యాటరీ డబ్బా మా అరుగు మీద పెట్టారు. అక్కడి నుంచి తీగ లాగి స్తంభానికి బుగ్గ వేశారు. పలక మీద దుమ్ము పడకుండా చూసుకోవాలని అత్తమ్మకు అప్పజెప్పారు.

మాపటికి దానంతట అదే వెలిగింది. ఆడవాళ్లందరూ చేటలు పట్టుకుని దాని కింద చేరారు. తునికాకు కత్తిరించేవాళ్లు కత్తిరిస్తే, తంబాకు పోసి చుట్టేవాళ్లు చుట్టేవాళ్లు. అందులో మా పక్కింటి వదినకు నోరు ఊరుకునేది కాదు.

"పగటి ఎండను దాసిపెట్టి రాత్రి వడ్డిస్తుండ్రు గదనే! మా అత్త కూరను గట్లనే చేస్తది. పొద్దున వండింది మాపటికి పెడ్తది" అనేది.

"గందుకేనానే మీ ఆయన మాపటికి ఇల్లు జేరడు?" అని ఇంకొకామె అంటే అందరూ పగలబడి నవ్వేవాళ్లు.

అత్తమ్మ నవ్వేది కాదు. చేట ఒళ్లో పెట్టుకుని, వెలుతురు ఆగిపోయి చీకటి మొదలయ్యే చోటు ఉంటుంది చూడండి, అటే చూసేది. ఎవరు వచ్చినా ఎవరు పోయినా ఆ బుగ్గ కింద నుంచే పోవాలి. మఫ్టీలో వచ్చే పోలీసులకూ ఆ వెలుతురు బాగానే ఉండేది.

దసరా వచ్చింది. నాగలికి, సైకిలుకు, బీడీ కత్తెరకు కూడా పసుపు పూసి బొట్టు పెడతాం కదా, మనకు వెలుతురిచ్చే పలకకు పెట్టకపోతే ఎట్లా అన్నారు అందరూ. ముత్తయిదువ చేయి కావాలని నన్నే నిచ్చెన ఎక్కించారు. ఇంటి కడపకు పూసినట్టు అంచు నుంచి అంచుకు దట్టంగా పూసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి దిగాను. అందరం కింద నుంచి దండం పెట్టుకున్నాం.

అప్పటి నుంచి బుగ్గ మెల్లమెల్లగా కుంగింది. కార్తీకం దాటేసరికి అన్నాలు తినే వేళకే ఎర్రబడి ఆరిపోయేది. పొద్దు చిన్నదైంది, పొద్దున ఎంతసేపటికీ మంచు విడవడం లేదు, పాపం దానికి కడుపు నిండడం లేదు అనుకున్నాం. పసుపు మాట ఎవరికీ తట్టలేదు.

పుష్యమాసంలో ముసురు పట్టింది. సన్నటి తుంపర, చలి, ఎటు చూసినా బూడిద రంగు ఆకాశం. ఒకనాడు మాపటికి బుగ్గ అసలు వెలగనేలేదు. అందరూ తలుపులు మూసుకున్నారు. నేను పొయ్యి ముందు కూర్చుని ఉన్నాను. వెనక తలుపు కదిలింది.

"అవ్వా" అని ఒక గొంతు.

అత్తమ్మ పడుతూ లేస్తూ పోయింది. తడిసిన బట్టల వాసన, చెప్పుల బురద చప్పుడు తప్ప నాకేమీ తెలియలేదు. "పొయ్యి కప్పు వదినా" అన్నాడు. నిప్పుల మీద బూడిద లాగాను. అత్తమ్మ అగ్గిపెట్టె వెతుక్కుంటున్న చప్పుడైంది.

"గియ్యకే అవ్వ. కిటికీల నుంచి కనబడ్తది."

"ఒక్క పుల్ల కొడుకా. గీ ఒక్కటే. మొకం జూసి ఆర్పేస్త."

"వద్దే" అని ఆమె పిడికిలిని తన పిడికిలితో మూసినట్టున్నాడు. అగ్గిపెట్టె నలిగిన చప్పుడు వినబడింది.

జొన్న గటుక పెట్టాను, మామిడికాయ తొక్కు వేశాను. రెండు ముద్దలు తిని, "వదినా, తొక్కు మస్తుగేసినవ్. నాలిక కాలుతాంది" అన్నాడు.

"చీకట్ల చేతికెంతొస్తే గంత పడ్డది మరిది" అన్నాను. చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు ఒక్కటే నాకు తెలిసిన మా మరిది.

తింటున్నంతసేపూ అత్తమ్మ చేతులతో కొడుకు ముఖం తడిమింది. "గడ్డం వెరిగింది. దవుడలు లోపలికి వడ్డయి. చెవి తమ్మె గట్లనే ఉన్నదిరా" అంటూ తనకు తాను చెప్పుకుంది. చిన్నప్పుడు చెవిపోగు మేకపిల్ల తాడుకు తట్టుకుని తమ్మె చీలిందట.

"ఎన్నిసార్లో మక్కచేను దాక వచ్చిన్నే" అన్నాడు లేస్తూ. "గా బుగ్గను జూసి మల్లిపోయిన. గది వెలుగుతుంటే ఎట్లొస్త?"

"ఇగ వెలగది కొడుకా" అంది అత్తమ్మ.

ముసురు పోయాక, బుగ్గ సరిగా వెలగడం లేదని వాడకట్టువాళ్లు చెప్పి పంపితే కోరుట్ల నుంచి ఒక మెకానిక్ వచ్చాడు. నిచ్చెన ఎక్కి చూసి తల కొట్టుకున్నాడు.

"ఎవరమ్మా గీ పసుపు పూసింది? మనిషి మూతికి గుడ్డ గట్టి అన్నం దినుమంటే తింటడా? గిట్ల పూస్తే ఎండ ఎట్ల దిగుతదమ్మా?"

శుభ్రంగా కడిగి పోయాడు. ఆ రాత్రి బుగ్గ కోడికూసే దాకా వెలిగింది. వాడకట్టంతా సంబరపడింది. అత్తమ్మ ఆ వెలుతురును చూస్తూ, మెకానిక్ చెప్పిన మాటను నోట్లో మెల్లగా తిప్పుకుంది. శుక్రవారం పొద్దున నా దగ్గరికి వచ్చి, "పిల్లా, పసుపు నూరు" అంది.

నూరాను, ఎక్కాను, పూశాను. తర్వాత ప్రతి శుక్రవారం అదే పని. చూసినవాళ్లు భక్తి అనుకున్నారు. పోలీసులు ఒకసారి ఇంటి ముందు ఆగి, పైకి చూసి, పసుపు ముసలమ్మ అని నవ్వుకుని పోయారు. పక్కింటి వదిన మాత్రం ఊరుకోలేదు.

"ఓ పెద్దవ్వ, నీ దేవుడు సల్లగుండ! మా బీడీలు సగంలనే ఆగుతున్నయి. దేవునికి ఇంట్ల పటం లేదా? పెంకుల మీదనే దొరికిండా?"

"దొరికిండే. గక్కడనే దొరికిండు" అంది అత్తమ్మ.

ఆ చలికాలమంతా ఎదురుచూశాం. చీకటి పడ్డ ప్రతిసారీ నేను పొయ్యి మీద బూడిద లాగేదాన్ని. ఆకు రాలినా అత్తమ్మ లేచి కూర్చునేది. వెనక తలుపుకు గడియ పెట్టలేదు. ఆయన మళ్లీ రాలేదు.

ఎండలు ముదిరాక కబురు వచ్చింది. గుట్టల్లో కాల్పులు జరిగాయనీ, శవాన్ని జగిత్యాల దవాఖానకు తెచ్చారనీ, వచ్చి చూడాలనీ. సిరిసిల్లకు మనిషిని పంపి, నేనూ అత్తమ్మా బస్సెక్కాం. దవాఖానలో నన్ను తలుపు దగ్గరే నిలబెట్టారు. లోపల ట్యూబ్‌లైటు తెల్లగా వెలుగుతోంది. అంత వెలుతురులో అత్తమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది. చేతులు చాపి ముఖం తడిమింది. నుదురు, దవడలు, గడ్డం. ఒక చేయి చెవి దగ్గర ఆగింది. చాలాసేపు అక్కడే ఉంది.

"నీ కొడుకేనా?" అని అడిగారు.

"కాదు" అంది.

అవునంటే పెద్దకొడుకును కూడా స్టేషన్ చుట్టూ తిప్పుతారని భయపడిందా, నిజంగానే కాదా, ఆ తమ్మె చీలి ఉందా లేదా, నాకు ఈనాటికీ తెలియదు. ఆమె ఉన్నంతకాలం నేను అడగలేదు, తను చెప్పలేదు. నా పెనిమిటి వచ్చేసరికి ఎవరూ లేని శవమని తీసుకుపోయి కాల్చేశారు. బస్సులో అత్తమ్మ రెండు చేతులూ కొంగులో చుట్టుకుని కూర్చుంది. మంచినీళ్లు ఇచ్చినా చేయి బయటికి తీయలేదు. గ్లాసు నేనే నోటికి అందించాను.

ఇంటికి చేరి తానం చేసేసరికి వాడకట్టు వాళ్లు వాకిట్లోకి వచ్చారు. ఏడ్వాలో వద్దో తెలియక నిలబడ్డారు. అత్తమ్మ అందరికీ వినబడేట్టు, "పిల్లా, పసుపు నూరు" అంది.

చావు మైల ఉన్న ఇంట్లో పసుపు ముట్టరు. నేను నూరుతుంటే అందరూ ఆ చప్పుడు విన్నారు. ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఆ తర్వాత పక్కింటి వదిన బుగ్గ గురించి ఒక్క మాట అనలేదు. ఎండ ఉండగానే బీడీలు ముగించుకునేది.

పెద్దలకు బియ్యమిచ్చే పెత్రమాసలు వచ్చాయి, పోయాయి. మామ పేరు మీద బియ్యం ఇచ్చేవాళ్లం. ఇంకో పేరు ఉందా అని అయ్యవారు అడిగితే, అత్తమ్మ లేదనేది. పసుపు మాత్రం ఆగలేదు. ఆ చీకటిని కొడుక్కోసం అట్లా పదిలంగా ఉంచింది.

ఎన్ని ఏండ్లకో, ఒక దసరానాడు నేను పసుపు నూరి గిన్నె తెచ్చాను. అత్తమ్మ గిన్నెను పక్కకు జరిపింది.

"తడి గుడ్డ తీస్కపో" అంది. "మంచిగ తుడువు. అంచుల పొంటి కూడ."

పెంకుల మీద కూర్చుని తుడిచాను. పొరలు పొరలుగా గట్టిపడ్డ పసుపు గోటితో గీకితే గాని రాలేదు. కింద అత్తమ్మ చెంబుతో నీళ్లు అందించింది. పచ్చటి నీళ్లు చూరు మీద నుంచి ఆమె కాళ్ల దగ్గర పడ్డాయి.

మాపటికి బుగ్గ తెల్లగా వెలిగింది. పక్కింటి వదిన బయటికి వచ్చి చూసింది. చూసి లోపలికి పోయి, చేటతో మళ్లీ వచ్చింది. ఎప్పుడూ నోరు మూయని మనిషి, వచ్చి అత్తమ్మ పక్కన కూర్చుని ఆమె భుజం మీద చేయి వేసింది. మిగతావాళ్లు కూడా చేటలతో వచ్చారు. ఆకు కత్తిరించే చప్పుడు మొదలైంది. అత్తమ్మ తన చేతులను వెలుతురులో పెట్టుకుని, ఎవరివో అన్నట్టు, తిప్పి తిప్పి చూసుకుంటూ కూర్చుంది.

వెనక తలుపుకు ఆ రాత్రి నేను గడియ పెట్టాను. ఆమె వద్దనలేదు.