మల్లయ్య సైకిల్ ఫొటోలు, యాసిడ్ ఫ్రీ అట్ట

2004 ఎండాకాలం. మేడ్చల్‌లో హైవే పక్కన నాదొక చిన్న దుకాణం. పెళ్ళి కార్డులు, జిరాక్సు, లామినేషన్, బడి పిల్లలకు రంగు అట్టలు, అడిగినవాళ్ళకు ఫొటో ఆల్బమ్ బైండింగు. కాగితంతో అయ్యే పని ఏదైనా చేసేవాణ్ణి. కాగితం గురించి మాట్లాడమంటే అంతకంటే బాగా చేసేవాణ్ణి. మా గ్రే బోర్డు మీద ఏనుగు కూర్చుంటే ఏనుగుకే నడుం పట్టేసిందని నేను చెబితే, ఆ ఏనుగు ఏ ఊరిదని అడిగిన గిరాకీలు కూడా ఉన్నారు.

ఆ రోజుల్లో అట్ట గురించి నాకు తెలిసిన శాస్త్రం ఒక్కటే: జీఎస్ఎం. చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. మామూలు జిరాక్సు కాగితం ఎనభై దాకా ఉంటుంది. రెండువందలు దాటితే దాన్ని కార్డ్‌స్టాక్ అంటారు, మన భాషలో అట్ట. జీఎస్ఎం ఎంత పెరిగితే ఆయుష్షు అంత పెరుగుతుందని నేను నమ్మేవాణ్ణి. నమ్మడమే కాదు, ఊరంతా నమ్మించాను.

ఆ నమ్మకాన్ని మొదట కదిలించింది శ్రీదేవిగారు. భీమవరం వైపు నుంచి వచ్చి మేడ్చల్‌లో కొత్తగా వెలిసిన కాలనీలో ఇల్లు కట్టుకున్న ఉద్యోగస్తుల కుటుంబం. ఆవిడ సొంతంగా గ్రీటింగ్ కార్డులు చేసేవారు, పిల్లలకు స్క్రాప్‌బుక్‌లు కట్టేవారు. స్క్రాప్‌బుక్ అంటే ఫొటోలతో పాటు రైలు టికెట్లు, పిల్లల పిచ్చి గీతలు, చేతిరాతలు అన్నీ కలిపి పేర్చుకునే ఆల్బమ్.

"శంకర్‌గారూ, నాకు మందం కాదండి, యాసిడ్ ఫ్రీ కావాలి" అన్నారు ఒకరోజు.

చెక్క గుజ్జుతో చేసిన చవక అట్టల్లో ఆమ్లం మిగిలిపోతుందట. లిగ్నిన్ అని, చెట్టును బిగబట్టి నిలబెట్టే పదార్థం, అది కూడా ఉంటుందట. ఏళ్ళు గడిచేకొద్దీ ఈ రెండూ కలిసి అట్టను పచ్చబరుస్తాయి, పెళుసు చేస్తాయి. పక్కన ఫొటో ఉంటే దాన్నీ తినేస్తాయి. అవేవీ లేని అట్టే యాసిడ్ ఫ్రీ. నేను తల ఊపి, సికింద్రాబాద్ హోల్‌సేల్‌లో రెండు రకాల ప్యాకెట్లు తెప్పించాను. రెండింటి మీదా యాసిడ్ ఫ్రీ అనే ఉంది. తెప్పించినవాణ్ణి ఊరుకోవచ్చుగా! దుకాణం ముందు పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టాను: "మా వద్ద అట్టలు యాసిడ్ ఫ్రీ."

మర్నాడు పొద్దున్నే శామీర్‌పేట నుంచి ఒకాయన సైకిల్ మీద దిగాడు. యాభై ఏళ్ళుంటాయి. హ్యాండిల్‌కు వేలాడేసిన సంచిలోంచి ఖాళీ సీసా తీసి బల్ల మీద పెట్టాడు.

"తమ్మీ, ఎన్ని అట్టలు గొంటే యాసిడ్ ఫ్రీగ ఇస్తవు? బాత్రూం గడగాలె. సీస నేనే తెచ్చుకున్న."

నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాను. సంగతి వివరించాను. ఆయన నవ్వలేదు. నా మొహంలోకి తేరిపార చూశాడు.

"అరే, నువ్వు గదా మా ఆల్బమ్ జేసింది? నేను సైకిల్ మల్లయ్యను. గుర్తు పట్టలే?"

పట్టాను. 1991లో శామీర్‌పేటలో బడి మైదానం చుట్టూ ఆగకుండా సైకిల్ తొక్కిన మనిషి. తిండి సైకిల్ మీదే, స్నానం సైకిల్ మీదే, గడ్డం సైకిల్ మీదే. నాలుగేళ్ళ తర్వాత ఆ ఫొటోలు నాలుగు పట్టుకొస్తే, నా దగ్గరున్న అన్నిటికంటే మందమైన గ్రే బోర్డు మీద అతికించి ఆల్బమ్ చేసిచ్చింది నేనే. నూరేళ్ళకు ఢోకా లేదని కూడా చెప్పాను. గ్రే బోర్డంటే పాత కాగితాలన్నీ నానబెట్టి, గుజ్జు చేసి అచ్చు పోసేది. అందులో ఏముంటుందో తయారు చేసినవాడికీ తెలియదు.

"మంచిగున్నదా ఆల్బమ్?" అన్నాను, శ్రీదేవిగారి మాటలు చెవిలో మోగుతుండగా.

"ఏం మంచి, తమ్మీ! ఒక ఫొటోల నేనే కనవడతలేను. సైకిల్ గుడ కనవడతలేదు. పచ్చగయ్యింది అంతా. స్టూడియో మూసిండ్రు, రీళ్ళు ఎటువోయినయో ఎవనికెరుక. హోటల్‌కాడ పోరగాళ్ళు 'ఏడు దినాలు తొక్కినవా తాతా, ఏదీ సూపియ్యి' అంటున్నరు. కోతల మల్లయ్య అని పేరు వెట్టిండ్రు. ఉన్న మూడు ఫొటోలు గుడ వోతే ఇగ నిజంగనే కోతలోణ్ణయిపోత."

కోతలరాయుడనే పేరు నాక్కూడా ఉంది. కానీ నేను దాన్ని చెమటోడ్చి సంపాదించుకున్నాను. ఈయనకేమో నా అట్ట వల్ల వచ్చి పడింది.

"ఆదివారం ఆల్బమ్ పట్టుకొని రా, మల్లన్నా. కొత్తది జేసిస్త. బాధ్యత నాది" అన్నాను. శ్రీదేవిగారిని కూడా రమ్మని బతిమాలాను. ఆవిడ దగ్గర అట్టను పరీక్షించే పెన్ను ఒకటుంది. గీత గీస్తే ఊదా రంగు వచ్చిందా, అట్ట మంచిది. పసుపు రంగు వచ్చిందా, ఆమ్లం ఉన్నట్టు. రెండు ప్యాకెట్లలో ఏది నిజమో తేల్చడానికి దాన్ని రెండు రోజులు అరువిచ్చారు. ఆ రెండు రోజుల్లో నేను దుకాణంలోని ప్రతి పెళ్ళి కార్డు మీదా గీశాను. క్యాలెండరు మీద, పేపరు మీద, టీ కప్పు మీద, నా చొక్కా కాలరు మీద కూడా గీశాను. అసలు ప్యాకెట్ల దాకా వచ్చేసరికి పెన్ను ఎండిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం మల్లయ్య, ఆయన భార్య రాజమ్మ ఆల్బమ్‌ను తువ్వాలులో చుట్టుకొని వచ్చారు. శ్రీదేవిగారు పెన్ను విదిలించి నావైపు చూశారు.

"దీన్నేం చేశారండీ?"

"మేడం, ఎండలు మస్తుగున్నయి గదా..."

"ఎండలకు కాలరు మీద గీతలు కూడా పడతాయా?"

రెండు రకాల అట్టలూ బల్ల మీద పక్కపక్కన పెట్టాను. తెలుపులో తేడా లేదు, మందంలో తేడా లేదు. ఏది తీయాలో తేల్చుకోలేక శ్రీదేవిగారు వేళ్ళతో అంచులు తడుముతున్నారు. ఈలోగా రాజమ్మ కొంగుముడి విప్పింది. అందులో పసుపు.

"కొత్త పని మొదలువెడుతున్నం. పసుపు బొట్టు వెట్టకుంట ఎట్ల? పెండ్లి కార్డులకు నాలుగు మూలల పూస్తలేవా తమ్మీ?"

ఆల్బమ్ పేజీల మీద పసుపు పడితే మచ్చ పోదని శ్రీదేవిగారు అడ్డుపడ్డారు. చివరికి ఒక్కో రకం నుంచి అంచు ముక్క కత్తిరించి ఇచ్చాను. రాజమ్మ పసుపు తడిపి రెండు ముక్కలకూ పూసింది. ఒకదాని మీద పసుపు పసుపులాగే ఉండిపోయింది. రెండోదాని మీద కాసేపటికి మెల్లగా ఎర్రబడింది.

రాజమ్మ మొహం మాడిపోయింది. "గిది దిష్టి నీళ్ళ లెక్కయ్యింది సూడు. గీ అట్ట మాకొద్దు. మంచి శకునం లేదు. పచ్చగున్నదే కొయ్యి."

గిరాకీ చెప్పిందే వేదమని నేను కత్తి తీశాను. పచ్చగా ఉన్న రకం మీద స్కేలు కూడా పెట్టాను.

"ఆగండాగండి!" శ్రీదేవిగారు నా చెయ్యి పట్టుకున్నంత పని చేశారు. "రాజమ్మగారూ, దిష్టి నీళ్ళలో పసుపుతో పాటు ఏం కలుపుతారు?"

"సున్నం."

"పెళ్ళికొడుకు పాదాలకు పెట్టే పారాణిలో?"

"అదీ పసుపు, సున్నమే గదమ్మా."

"మరి ఈ అట్టలో మనం సున్నం కలపలేదు కదా. పసుపు ఎర్రగా ఎందుకయింది?"

రాజమ్మ అట్టను వాసన చూసింది. మల్లయ్య కూడా చూశాడు. నేనూ చూశాను, వాసనతో ఏం తెలుస్తుందో తెలియకపోయినా.

శ్రీదేవిగారు చెప్పారు. మంచి ఆర్కైవల్ అట్టలు, అంటే తరతరాలు దాచుకోవడానికి చేసేవి, చాలావరకు బఫర్డ్‌గా ఉంటాయి. తయారీలోనే సుద్దపొడి కలుపుతారు. సుద్ద సున్నానికి దగ్గర చుట్టం. తర్వాత గాలి నుంచో, చేతి చెమట నుంచో యాసిడ్ చేరినా ఆ సుద్ద దాన్ని విరిచేస్తుంది. పసుపును ఎర్రగా మార్చింది అదే. పచ్చగా ఉండిపోయిన అట్టలో అలాంటి రక్షణ ఏదీ లేదు. "పసుపు పరీక్ష పెన్నంత కచ్చితం కాదు. కానీ రెండింట్లో ఒకటి ఎంచుకోమంటే నేను ఎర్రబడిందే తీసుకుంటాను" అన్నారు. తర్వాతి వారం కొత్త పెన్ను కొని తెచ్చి గీస్తే ఆ మాటే నిజమైంది. ఎర్రబడిన రకం మీద ఊదా గీత, రెండోదాని మీద పసుపు గీత. ప్యాకెట్ మీద అచ్చేసిన మాటను నమ్ముకుంటే ఆ రోజు మల్లయ్యను రెండోసారి ముంచేవాణ్ణి.

"అయితే గిది దిష్టి గాదు, పారాణి" అంది రాజమ్మ కాస్త తేరుకొని. భర్త వైపు చూసి, "గీ ముసలోనికి మళ్ళ పెండ్లి జేస్తవా ఏంది, తమ్మీ?" అంది.

"సైకిల్ మీద కూసుంటనంటె జేద్దాం" అన్నాన్నేను.

ఇక పాత ఆల్బమ్ నుంచి ఫొటోలు ఊడదీయాలి. అసలు భయం అక్కడే. బ్లేడు పెడితే చిరుగుతాయి, తడిపితే ముద్దవుతాయి. శ్రీదేవిగారు కుట్టు మిషన్ దారం మూరెడు తీసి, రెండు చివరలూ పట్టుకొని, ఫొటోకూ అట్టకూ మధ్య రంపంలా మెల్లగా లాగడం మొదలుపెట్టారు. మల్లయ్య ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. ఆయన ఆ ఐదు నిమిషాలు పడ్డ యాతన మైదానంలో కూడా పడి ఉండడు. అదృష్టం, అప్పట్లో నేను పిసినారితనం కొద్దీ నాలుగు అంచులకే గమ్ము రాశాను. మొదటి ఫొటో ఊడింది, తల మీద కుండతో నీళ్ళు పోస్తున్నది. రెండోది, గడ్డం గీస్తున్నది. మూడోది, మెడలో దండ వేస్తున్నది.

తిప్పి చూస్తే మూడింటి వెనుకా పెన్సిల్ రాత. స్టూడియో అతను రాసి పెట్టుకున్నట్టున్నాడు. శ్రీదేవిగారు సంబరంగా పైకి చదివారు.

"రెండో రోజు, ఉదయం. నాలుగో రోజు, మధ్యాహ్నం. ఐదో రోజు, సాయంత్రం, దిగిన తర్వాత..."

ఆ తర్వాత ఆవిడ గొంతు తగ్గింది. మల్లయ్య దుకాణంలోని ఫ్యాన్ వైపు చూడసాగాడు.

"మల్లన్నా, ఏడు దినాలు గదా?" అన్నాను.

"ఐదే" అంది రాజమ్మ. "దినాం రెండు పూటల అన్నం మోసినదాన్ని, నాకు తెల్వదా? తెల్లారి ఊరోళ్ళు ఆరన్నరు, పండుగనాటికి ఏడన్నరు. ఈయన కాదనలే."

"మరి ఇన్నేండ్లు నువ్వన్న జెప్పలేదేందే?" అన్నాడు మల్లయ్య ఉక్రోషంగా.

"నువ్వు అడిగినవా?"

ఆయన నా దగ్గరికి జరిగి చెవిలో అన్నాడు: "తమ్మీ, గమ్ము వెట్టి అతికియ్యి. గట్టిగ వెట్టు. వెనకంత పుయ్యి."

నేను శ్రీదేవిగారి వైపు చూశాను. ఆవిడకు వినపడనే వినపడింది. గమ్ము పెడితే ఫొటో మళ్ళీ పచ్చబడుతుంది, ఈసారి దారానికి కూడా లొంగదు. ఫొటో బతకాలంటే మూలలు పెట్టాలి. అదే అట్టలోంచి చిన్న త్రికోణాలు మడిచి, ఫొటో నాలుగు చివరలూ అందులో దూర్చడం. ఫొటోకు బంక తగలదు. కానీ ఎవరైనా దాన్ని ఇట్టే బయటికి లాగి తిప్పి చూడొచ్చు.

సరిగ్గా ఇలాంటి ఇరకాటంలో నాకు సలహాలు బాగా వస్తాయి. పెన్సిల్ రాతను రబ్బరుతో తుడిచేద్దామా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఐదును ఏడు చేయడం ఇంకా సులువు. కానీ ఎదురుగా మూడు ఫొటోలే మిగిలాయి. నాలుగోది నా గొప్పల వల్లే పోయింది. నోరు మూసుకున్నాను.

"మల్లన్నా, గమ్ము వెడితే ఫొటో వోతది. మూలలు వెడితే రెండు దినాలు వోతయి. ఏది వోవాలె, నువ్వే జెప్పు."

మల్లయ్య గడ్డం గీసుకుంటున్న ఫొటోను చేతిలోకి తీసుకొని చాలాసేపు చూశాడు. అందులో ఆయనకు మీసం ఉంది, బుగ్గల నిండా నురగ, రెండు చేతులూ హ్యాండిల్ వదిలేసి ఉన్నాయి.

"మూలలే వెట్టు" అన్నాడు.

రెండు వారాలకు రాజమ్మ టీవీ కవరు కుట్టడానికి ప్లాస్టిక్ షీటు కావాలని వచ్చింది. ఆల్బమ్ సంగతి అడిగాను.

"హోటల్‌కాడికి తీస్కపోయిండు తమ్మీ. పోరగాళ్ళు మూలలకెళ్ళి ఫొటోలు తీసి తిప్పి సూసిండ్రు. 'ఏందే తాతా, ఐదేనా' అన్నరు. 'ఐదే' అన్నడు. ఇగ ఒక్కడు నవ్వితే ఒట్టు. ఇన్నేండ్లు 'నిజమా' అని అడిగినోళ్ళు, ఇప్పుడు 'నిద్రెట్ల ఆపినవే, కాళ్ళు వట్టలేదా' అని అడుగుతున్నరు. చాయ్ వాళ్ళే తాపుతున్నరు. ఇంటికస్తలేడు."

ఆ ఆల్బమ్ తర్వాత నా దుకాణంలో కొన్ని పద్ధతులు మారాయి. అట్ట అడిగినవాళ్ళను ఎంత మందం అని కాక, ఎన్నేళ్ళు ఉండాలి అని అడగడం మొదలుపెట్టాను. ఒక్క పూట పుట్టినరోజు కార్డుకు ఏ అట్టయినా సరిపోతుంది, అనవసరంగా ఖరీదైనది అంటగట్టను. దాచుకునేదైతే ప్యాకెట్ మీది మాటను నమ్మను, ముక్క కోసి పరీక్షిస్తాను. పెన్ను లేకపోతే తడి పసుపు పూస్తాను, పేజీ మీద కాదు, ముక్క మీదే. గ్రే బోర్డును బయటి అట్టకు మాత్రమే వాడి, లోపల ఫొటోకు తగలనివ్వను. ఫొటోలకు మూలలు తప్ప గమ్ము పెట్టను.

ఎవరైనా మరీ పట్టుబట్టి గమ్మే కావాలంటే మాత్రం, కాదనే ముందు ఫొటో తిప్పి వెనుక ఏం రాసి ఉందో ఒకసారి చూస్తాను.