క్యూబాకు ఒక టికెట్

మా డ్రాయింగు సారు పోయిండని, పొద్దున నేను డ్యూటీ ఎక్కుతుంటే ఫోనొచ్చింది. దవాఖానాలో, నిద్రలోనే అంట. నేను బస్సు కండక్టర్ని. టికెట్లు కొట్టుకుంటనే ఏడ్చిన. పని ఆగదు గద.

చండ్రుగొండ దగ్గర మా బడిలో, క్లాసు గోడకు సారు ఒక బొమ్మ అతికిచ్చిండు. పాత క్యాలెండరు నుంచి కత్తిరించింది, ఎవరో క్యూబా చిత్రకారుడు వేసింది. చెరుకు గడలు, వాటి నడుమ మనుషులు. ఏది గడో ఏది కాలో తెల్వదు, పాదాలు మాత్రం చాటలంత ఉంటయి. ఆ చిత్రకారుడు చెరుకు తోటల కాడ పుట్టి, దూరదేశాల్లో పని నేర్చి, ఇంటికి తిరిగొచ్చినంకనే తనదనే తీరు బొమ్మ గీసిండంట. సారు కూడా హైదరాబాదులో చదివి ఊరికొచ్చిన మనిషే. అందుకే సారుకు ఆ చిత్రకారుడంటే అంత పిచ్చి.

"క్యూబా ఏడుంది సారూ?" అని అడిగితే, "చర్ల దాటినంక" అన్నడు. చర్ల దాటితే అంతా అడివే, ఉంటదేమో అనుకున్నం. ఇంట్ల చెప్తే మా నాయన, "ఏ బస్సు పోతది?" అన్నడు.

నాకు ఈ నౌకరి వచ్చినంక సారు బస్సెక్కితే చాలు, "క్యూబాకు ఒకటి కొట్టు బిడ్డా" అనేటోడు. నేను కొత్తగూడెం కొట్టిచ్చేదాన్ని. "గింత దగ్గరనా?" అని మొఖం చిన్నగ చేసేటోడు.

రిటైరయ్యే ముందు బడి ప్రహరీ మీద బీడీల తునికాకు కోసే ఆడోళ్లను గీసిండు. చెట్లల్ల కలిసిపోయిన మనుషులు, పెద్ద పెద్ద పాదాలు. "మొఖాలేవి సారూ, గీ కాళ్లేంది?" అని ఊరోళ్లు నవ్విన్రు. "మొఖం అబద్ధమాడుతది, కాళ్లు ఆడయి" అన్నడు. ఒక కోయ అవ్వ మాత్రం చానాసేపు చూసి, "గివి నా కాళ్లే" అనుకుంట పోయింది.

నిరుడు ఎవరో పెద్ద ఆఫీసరు బడి చూడ వస్తుండని ఆ గోడకంతా సున్నం కొట్టిన్రు. నాకు ఒళ్లు మండింది. సారు గోటితో గీకి చూసి, "పల్చగనే కొట్టిన్రు. వానలు పడితే బయటికొస్తరు" అన్నడు. ఆ వానాకాలమంతా బస్సెక్కినప్పుడల్లా అదే మాట, "వచ్చిన్రా?" దవాఖానాలో చూడబోతే కూడా అదే అడిగిండు. ఇంకా రాలే సారూ అన్న. ఆయనకు అబద్ధం చెప్పబుద్ధి కాలే.

సారు పోయిన వారానికి గట్టి వాన పడ్డది. తెల్లారి బస్సు బడి స్టేజీకి వచ్చింది. ప్రహరీ కింది అంచున సున్నం ఊడిపోయి, రెండు పాదాలు కనబడ్డయి. పగిలిన మడిమలు, వెడల్పు వేళ్లు.

"క్యూబా, క్యూబా. దిగేటోళ్లు రండి" అని కేకేసిన.

ఎవ్వరూ దిగలే. డ్రైవరు నా మొఖం చూసి, బస్సు కొంచెంసేపు ఆపే ఉంచిండు.