అత్తగారి కొబ్బరిచెట్టూ, నా స్ప్రూసూ

డెబ్బయ్యో దశకం మధ్యలో నేను కాపరానికి వచ్చేసరికి, కొత్తపేట దగ్గర మా అత్తవారింటి వీధిగదిలో ఎరువుల కొట్టువాళ్లిచ్చిన కేలండరొకటి వేలాడుతుండేది. అందులో మంచుకొండ, దాని ముందు ఒక చెట్టు. కింద వెడల్పు, పైకి పోయేకొద్దీ సన్నం. ఎవరో పనిగట్టుకుని కత్తిరించినట్టు ఎక్కడా వంకరన్నది లేదు. కింద చిన్న అక్షరాల్లో 'స్ప్రూస్' అని రాసి ఉంది. ఏడాది అయిపోయినా ఆ కేలండరుని నేను తియ్యనివ్వలేదు. ఎటు చూసినా కొబ్బరీ, అరటీ కనిపించే ఊళ్లో ఆ చెట్టు మీద మనసెందుకు పడిందంటే చెప్పలేను. పడింది, అంతే. ఒకటి పట్టుకున్నానంటే వదిలే గుణం నాకు లేదు.

మావారు అమలాపురం కాలేజీలో లెక్కలు చెప్పేవారు. ఆయన్ని వేధించి వేధించి ఒక ఆదివారం కడియపులంక నర్సరీలకి బయల్దేరదీశాను. నర్సరీ ఆయన జానెడు మొక్క చేతిలో పెట్టి, "స్ప్రూసేనండీ. చలిదేశం మొక్క. అయినా మన గాలి పడుతుందండీ, ఆయ్" అన్నాడు. తిరుగు బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే కండక్టరు వంగి చూసి, "చంటిదానికి టికెట్టక్కర్లేదులెండి" అని నవ్వాడు.

మా మావయ్యగారు నా పెళ్లికి ముందే పోయారు. పెరడూ వాకిలీ మా అత్తగారి రాజ్యం. ఆవిడ మొక్కని అటూ ఇటూ తిప్పి చూశారు.

"కాయ కాస్తుందా?"

"లేదండీ."

"పువ్వో?"

"పుయ్యదండీ."

"మరెందుకే అమ్మాయ్?"

"చూసుకోడానికండీ."

 ఆవిడ మొక్కని వదిలి నన్ను చూశారు. ఆ చూపుని నేను వెటకారం కింద జమకట్టుకున్నాను.

వీధివైపు ఆవిడ కొబ్బరిచెట్టు పక్కన తప్ప ఖాళీ లేదు. ఆ చెట్టు ఆవిడ కొత్తకోడలుగా వచ్చిన ఏడాది స్వయంగా నాటింది. చుట్టాలొస్తే దాని బొండాలే దింపించేవారు, అంత తియ్యటి నీళ్లు. దాని పక్కనే గుంత తవ్వించాను. నేను లోపల్నించి మొక్క తెచ్చేలోగా, కొబ్బరిమొక్కకి వేసినట్టే, ఆవిడ గుంతలో రెండు దోసిళ్లు రాళ్ల ఉప్పు పోసేశారు.

"అయ్యో, చచ్చిపోతుందండీ!"

"కొబ్బరిమొక్క చచ్చిందా? ఇదీ చావదులే."

ఆ పూట నేను అన్నం తినలేదు. నా అలక ఎవరూ పట్టించుకోలేదు కూడా, అది వేరే సంగతి.

మొక్క చావలేదు. అది పెరిగిన తీరు తల్చుకుంటే ఇప్పటికీ ముచ్చటే. మిగతా చెట్లలా ఎలా పడితే అలా కొమ్మలు వెయ్యదు. ఏడాదికోసారి చివర ఆగి, చుట్టూ ఒకేసారి కొమ్మలు చాపి, మళ్లీ పైకి పోతుంది. గొడుగు మీద గొడుగు పెట్టినట్టుండేది. కొత్త చిగుళ్లు లేతగా, చెంపకి రాసుకోవచ్చు అన్నంత మెత్తగా ఉండేవి. మూడో వరుస మా అమ్మాయి పుట్టిన ఏడాదిది. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని దాని ముందు నిలబడితే నాకు ఇంటిపని గుర్తొచ్చేది కాదు. దారినపోయేవాళ్లు ఆగి అడిగితే నేను చెప్పేలోగా అరుగు మీంచి మా అత్తగారే, "స్ప్రూసండీ, మా కోడలు తెచ్చుకుంది" అని చెప్పేవారు. అందులో వెటకారం ఉందేమోనని వెతికేదాన్ని. ఎప్పుడూ దొరకలేదు.

ఎనభైల మొదట్లో ఒక గాలివానకి కొబ్బరిచెట్టు నుంచి ఎండుమట్ట ఒకటి దాని మీద పడింది. ఒకవైపు కింది మూడు వరుసల కొమ్మలూ విరిగిపోయాయి. నేను ఏడ్చాను. చెట్టు కోసం ఏడవడమేమిటని మావారు నవ్వబోయి, నా మొహం చూసి మానుకున్నారు. మర్నాడే తమ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే మాస్టారిని వెంటబెట్టుకొచ్చారు.

ఆయన ఆకు తుంపి చూసి, "ఇది స్ప్రూసు కాదండీ. దూరంగా సముద్రంలో ఉన్న దీవుల చెట్టు. ఉప్పుగాలికి చెక్కుచెదరదు" అన్నారు.

"విన్నావుటే నా ఉప్పు సంగతి?" అన్నారు గుమ్మంలోంచి అత్తగారు.

ఆ తర్వాత ఆయన చెప్పిందే నాకు మింగుడుపడలేదు. విరిగిన కొమ్మలు మళ్లీ రావట. మట్టో కాయో పడి పై చివర విరిగితే ఇక చెట్టు పని అయిపోయినట్టేనట. కొబ్బరి పక్కన ఇది బతకదు. కావాలంటే కాలేజీ ఆవరణలోకి తవ్వి తీసుకెళ్తామన్నారు, ఈ వయసులో నాటుకుంటుందన్న హామీ మాత్రం లేదు. కాస్తున్న కొబ్బరిచెట్టుని కొట్టమని కోనసీమలో ఏ కోడలు నోరు తెరిచి అడుగుతుంది? "తీసుకెళ్లండి" అన్నాను. సోమవారం మనుషుల్ని పంపుతామన్నారు.

ఆదివారం పొద్దున నేను లేచేసరికి వాకిట్లో దింపు తీసే అతనున్నాడు. కాయలకేమో అనుకున్నాను. చేతిలో కత్తితోపాటు గొడ్డలీ, మోకులూ ఉన్నాయి.

"కాపు మీదున్న చెట్టండీ, అమ్మగారూ" అని నసుగుతున్నాడు.

"ఆయ్, తెలుసు. దీనికి బదులు తెల్లారగట్టే దొడ్లో వేరే కొబ్బరిమొక్క నాటేను. దీన్ని కొట్టెయ్యి. ఆ పక్కదాని మీద పుల్ల పడకూడదు" అన్నారు అత్తగారు.

నేను పరుగున వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "వద్దండీ అత్తయ్యగారూ! మీ చేత్తో నాటుకున్న చెట్టు!"

"నాటింది నేనే. కావాలనుకున్నది ఇది కాదు." ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. "పుట్టింటినించి సంపెంగ మొక్క తెచ్చుకున్నాను. గుంత కూడా తవ్వించేను. పువ్వులు కూడు పెడతాయా అని మా అత్తగారు అదే గుంతలో కొబ్బరిమొక్క నా చేతే పెట్టించేరు. సంపెంగ చూరు కింద ఎండిపోయింది. నేనూ చూసుకోడానికే తెచ్చుకున్నానే, అమ్మాయ్."

 ఆవిడ చెట్టు దగ్గరికెళ్లి మొదలు మీద చెయ్యి వేసి, "దీని తప్పేముంది, పాపం. నలభయ్యేళ్లు కాసింది" అని దణ్ణం పెట్టుకున్నారు. ముందు గెలలు దించి, మోకులు కట్టి, వీధివైపుకి లాగి పడగొట్టారు. చెట్టు తలలోని తియ్యటి మొవ్వు ముక్కలు వీధివీధంతా పంచారు. ఆవిడ ఒక్క ముక్కా నోట్లో వేసుకోలేదు.

కింద మూడు వరుసలూ ఒంటిచేత్తోనే ఉండిపోయాయి. పైన ఆ తర్వాత వచ్చిన ప్రతి వరుసా నాలుగువైపులా నిండుగా వచ్చింది. ఎంత ఎత్తుకి పోయినా ఎక్కడా వంకర లేదు, కేలండరులో చెట్టుకి ఏమాత్రం తీసిపోదు. అంతకంటే బాగుందనే నేనంటాను.

ఆ వర్షాకాలంలోనే మళ్లీ కడియపులంక వెళ్లి సంపెంగ మొక్క తెచ్చాను. కొబ్బరిచెట్టు ఉన్నచోటే పెడదామన్నాను.

"అక్కడొద్దే. ఇది మహా చెట్టవుతుంది. నీదాని మీద నీడ పడుతుంది" అన్నారు.

నూతి పక్కన పెట్టాం. అరవయ్యేళ్ల మనిషి, కింద కూర్చుని మట్టి తన చేతుల్తోనే అదిమారు. గుంత నేనే తవ్వాను.